డప్పును యూరియా సంచిలో పెట్టుకొచ్చే పిల్లవాడు

ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లోని ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పదకొండు పేజీలుంది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి ఆ రెండూ తీసేసి సారాంశం ఇస్తున్నాను.

రాసినావిడకు 27 ఏళ్లు. బీఈడీ చేసి, ఒంగోలులో రెండేళ్లు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, అమ్మకు ఒంట్లో బాగోక ఊరికి తిరిగొచ్చేశారు. మూడేళ్ల కిందట ఎస్సీ కాలనీ పిల్లలు ఏడుగురితో సాయంత్రం పూట ఒక బృందం మొదలుపెట్టారు. పాటలు, కోలాటం, పిల్లలే అల్లుకునే చిన్న నాటికలు. కాలనీలో ఒక పెద్దాయన డప్పు నేర్పుతానని తనంతట తానే వచ్చారు. పిల్లలంతా ఆయన్ని తాత అంటారు. ఇప్పుడు పిల్లలు 19 మంది. ఊరి మధ్యలో ఉన్న బడి వరండాలో ఐదున్నర నుంచి ఏడు దాకా నేర్చుకుంటారు. సిటీలోని ఒక స్వచ్ఛంద సంస్థ ఏడాదికి 1,80,000 రూపాయలు ఇస్తోంది. అందులోంచే తాతకు నెలకు 3,000, పిల్లలకు రోజూ గుగ్గిళ్లు, పాలు.

పోయిన ఏడు ఊరి తిరునాళ్లలో ఈ పిల్లలు డప్పు కొట్టారు. కమిటీకి ఈవిడ పెదనాన్నే పెద్ద. పిల్లలకు తలా యాభై రూపాయలు ఇచ్చారు. భోజనాల దగ్గర మాత్రం అందరూ తినేదాకా పక్కన నిలబెట్టి, పులిహోర పొట్లాలు చేతిలో పెట్టి పంపేశారు. ఆవిడకు కడుపులో దేవినట్టయింది కానీ ఆ రోజు నోరు విప్పలేదు. రెండు నెలల కిందట ఊళ్లో ఒక మోతుబరి చనిపోతే పెదనాన్న కబురు పంపారు: "నీ పిల్లల్ని పంపు, శవం లేచేవేళయింది." ఆవిడ పంపలేదు. అప్పటి నుంచి పెదనాన్న మాట్లాడటం లేదు.

ఆ మర్నాడు, అందరిలోకీ బాగా కొట్టే పద్నాలుగేళ్ల పిల్లవాడి తల్లి వచ్చింది. వరండా కిందే నిలబడి అడిగింది: "టీచరమ్మా, మా మామ డప్పు కొట్టీ కొట్టీ సచ్చిపోయాడు. మా ఆయన దాన్ని ఇడిసిపెట్టి హైదరాబాదు పోయి తాపీమేస్త్రీ అయ్యాడు. నా కొడుకును మళ్లీ అందులోకే దించుతున్నావా?" ఈవిడకు జవాబు దొరకలేదు. పిల్లవాడు మానలేదు. డప్పును యూరియా సంచిలో పెట్టుకుని వస్తున్నాడు.

ఇంతలో సంస్థవాళ్లు మార్చిలో తమ వార్షికోత్సవానికి ఇరవై నిమిషాల ప్రదర్శన కావాలన్నారు. పిల్లలు పంచెలు కట్టి తలపాగాలు చుట్టాలట. ఒక ఆడపిల్ల తన తల్లి కష్టాలు చెబుతుంటే వీడియో తీస్తారట. వచ్చే ఏటి డబ్బు దాన్నిబట్టే ఉంటుందన్నారు. మార్చిలోనేమో సగంమంది పిల్లలు అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరపకోతల్లో ఉంటారు. వీడియోకు వాళ్లు ఎంచుకున్న పదహారేళ్ల అమ్మాయికి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

"నేను వీళ్లకు మేలు చేస్తున్నానా, కీడు చేస్తున్నానా? మానేయాలా?" అని అడుగుతూ ఉత్తరం ముగించారు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టుకుని వదలని మాట యూరియా సంచి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. తల్లి వద్దన్నా మానకుండా వస్తున్నాడంటే ఆ పిల్లవాడికి డప్పంటే ప్రాణం. సంచిలో దాస్తున్నాడంటే అది చేతిలో ఉండగా చూస్తే ఊరు తనను ఏమనుకుంటుందో కూడా వాడికి తెలుసు. పద్నాలుగేళ్లకే ఆ రెండూ ఒకే సంచిలో మోస్తున్నాడు.

కాలనీలో ఉంటే వాడికి సంచి అక్కర్లేదు. బజారు దాటి మీ వరండాకు రావాలి కాబట్టే కావాల్సి వస్తోంది. లైట్లున్నాయి, ఫ్యాన్లున్నాయి, అమ్మ దగ్గరికి వెంటనే వెళ్లొచ్చు అనే కదా మీరు బడిని ఎంచుకున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ రోజూ నడిచి వచ్చేది పిల్లలు, మీరు కాదు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు డప్పు చూడగానే "ఎవరు పోయార్రా?" అని అడిగే ఊళ్లు నేను చాలా చూశాను. మీ ఊళ్లోనూ ఎవరో ఒకరు అడిగే ఉంటారు. మీ ఉత్తరంలోనే ఇంకో సంగతి ఉంది. ఆ తల్లి వరండా కింద నిలబడి మాట్లాడింది. మీరు పైకి రమ్మన్నారో లేదో రాయలేదు. ఒకవేళ రమ్మన్నా ఆవిడ ఎక్కకపోయి ఉండవచ్చు. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆవిడ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోవడానికి కారణం అక్కడుందని నా అనుమానం.

ఆవిడ అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. డప్పు గొప్ప కళ, మన వారసత్వం అని సిటీలో స్టేజీ మీద చెప్పుకోవడం తేలిక. ఆవిడ మామగారికి అది కళగా రాలేదు, బాధ్యతగా మెడకు చుట్టుకుంది. చావుకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి. ఒంట్లో బాగోలేదనో, ఇష్టం లేదనో అనడానికి వీల్లేదు. రాకపోతే కళ్లంలో గింజలు ఆగిపోతాయి, కూలికి పిలిచేవాళ్లు ఉండరు. ఆ ఇంట్లో డప్పు వదిలి తాపీ పట్టుకున్న మొదటి మగమనిషి ఆవిడ భర్త. మనకు అది ఒక కళ అంతరించిపోవడంలా కనిపిస్తుంది. ఆవిడకు అది విడుదల.

కాబట్టి ఆవిడ దగ్గరికి వెళ్లి డప్పు గొప్పదనం చెప్పొద్దు. పద్మశ్రీల పేర్లు చెబితే ఆవిడ ఇంకో ప్రశ్న అడుగుతుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. రెండేళ్లకు ఆయన కూలి పనికి వెళుతున్నారని పత్రికలు ఫొటోతో సహా రాశాయి. కళ కూడు పెట్టదన్న ఆవిడ భయాన్ని మనం కొట్టిపారేయలేం.

అదే సమయంలో ఇంకో చరిత్ర కూడా ఉంది. అది మీ జిల్లాలోనే పుట్టింది. 1994లో ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు వాళ్లు చేతిలోకి తీసుకున్నది ఇదే డప్పు. మోతుబరి శవం ముందు కొట్టిన డప్పునే, ఎస్సీ రిజర్వేషన్లలో మా వాటా మాకు కావాలని వేల మంది ఊరేగింపుల్లో మోగించారు. తోలు మారలేదు, దరువు మారలేదు. ఎప్పుడు కొట్టాలో, ఎవరి కోసం కొట్టాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. ఈ మాట మీరు చెబితే పాఠంలా ఉంటుంది. తాత చెబితే వేరు, ఆ ఉద్యమంలో తిరిగినవాళ్లు కాలనీలోనే ఉంటే మరీ వేరు. వెతకండి, ఉండే ఉంటారు.

ముందు ఆవిడ ఇంటికి వెళ్లండి. పిల్లవాడు లేనప్పుడు వెళ్లండి. ఆవిడ చాప వేస్తే చాప మీద కూర్చోండి, టీ ఇస్తే తాగండి. మామగారి గురించి అడగండి. చెప్పాల్సిన మాటలు మూడే. వాడిని ఏ చావుకూ పంపను. డప్పు వల్ల ఒక్క రోజు కూడా బడి పోదు. వాడు మానేస్తానంటే ఆ రోజే మానేయొచ్చు, నేను అడ్డుపడను. మూడో మాట చెప్పడం మీకు కష్టంగా ఉంటుంది. కానీ ఆ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ దక్కనిది అదే.

ఇక బృందం సంగతి. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

డప్పు ఆపేసి పాటలు, కోలాటం, నాటికలు కొనసాగించవచ్చు. ఆ తల్లికి మనశ్శాంతి, పెదనాన్నకు అడగడానికి ఏమీ మిగలదు, మీకూ ఇంట్లో గొడవ తగ్గుతుంది. కానీ తాతకు ఆ మూడు వేలూ పోతాయి, చివరి వయసులో దొరికిన శిష్యులూ పోతారు. పిల్లలకు ఏం అర్థమవుతుందో కూడా ఆలోచించండి. కోలాటం పర్వాలేదట, మన డప్పే తక్కువదట అనుకుంటారు. మీరు ఆ మాట అనకపోయినా అలాగే వినబడుతుంది.

ఇప్పుడున్నట్టే నడపవచ్చు. అప్పుడు ప్రతి కబురుకూ, ప్రతి తిరునాళ్లకూ మీరొక్కరే అవునో కాదో చెప్పాలి. ఒకసారి మొహమాటపడి అవునంటారు, ఇంకోసారి కోపం వచ్చి కాదంటారు. ఇప్పటికే ఆ రెండూ జరిగాయి. మీ టెన్షన్ అంతా అక్కడిదే.

మూడోది, తరగతులను కాలనీకి మార్చి, నిర్ణయాలు కూడా కాలనీకే వదిలేయడం. ముగ్గురు తల్లులు, తాత, పెద్ద పిల్లలు ఇద్దరు, మీరు. నెలకోసారి కూర్చుని ఎక్కడికి వెళ్లాలి, ఎంత తీసుకోవాలి, ఎవరు వెళ్లాలి అనేది వాళ్లే తేల్చాలి. దీనికీ ఖరీదుంది. కాలనీలో కమ్యూనిటీ హాలుకు తలుపుల్లేవని, కరెంటు ఉండీ ఉండనట్టేనని మీరే రాశారు. "మీ అమ్మాయి రోజూ రాత్రిదాకా అక్కడే ఉంటోంది" అని మీ ఇంట్లోవాళ్లకు చెప్పేవాళ్లు బయల్దేరతారు. అన్నిటికంటే పెద్దది, ఆ తల్లులు కూర్చుని డప్పు వద్దంటే మీరు ఒప్పుకోవాలి. ఒప్పుకోలేనని ముందే తెలిస్తే ఈ దారిలోకి దిగకండి, అడిగి వినకపోవడం అడగకపోవడం కంటే అన్యాయం. నా మనసు మాత్రం ఈ దారివైపే ఉంది. హాలు సరిగా లేకపోతే వాన లేని రోజుల్లో చెట్టు కింద నడుస్తుంది. పైగా డప్పుకు మంట కావాలి. గడ్డి అంటించి, తోలును మంట పక్కన తిప్పుతూ కాచి, వేలితో టకటకమని కొట్టి శబ్దం సరిచూసుకోవడం తాత దగ్గర నేర్చుకోవాల్సిన అసలు విద్యలో సగం. బడి వరండాలో మంట పెట్టనివ్వరని, అందుకే ఫైబర్ డప్పులు కొన్నామని, తాతకు అవి నచ్చడం లేదని రాశారు కదా. కాలనీలో ఆ చిక్కు ఉండదు.

తిరునాళ్ల విషయం. పిల్లలు వెళ్లాలా వద్దా అన్నది పైన చెప్పిన ఏడుగురూ కూర్చుని తేల్చుకోవాలి. వెళతామంటే పెదనాన్నతో మాట్లాడాల్సింది మీరే, ఆయన మీ ఇంటి మనిషి కాబట్టి. టౌన్ నుంచి బ్యాండు మేళాన్ని పిలిస్తే కమిటీ ఎంత ఇస్తుందో అడగండి, దాంతో పోల్చి ఒక మొత్తం చెప్పండి. తాత పేరు మైకులో చదవాలి. భోజనం అందరితో పాటు, అదే బంతిలో. ఈ మూడింటికి ఒప్పుకుంటే ఊళ్లో ఒక కొత్త సంగతి మొదలవుతుంది. ఒప్పుకోకపోతే వెళ్లరు. ఆయన ఇంకో ఏడాది మాట్లాడకపోవచ్చు, మీ నాన్నగారి మీద ఒత్తిడి రావచ్చు. దానికి సిద్ధపడాల్సింది మీరు, పిల్లలు కాదు.

చట్టం కూడా తెలిసి ఉండటం మంచిది. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ తర్వాత పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. కళాకారులుగా పాల్గొనే పిల్లలకు మినహాయింపు ఉన్నా, 2017 నిబంధనలు హద్దులు పెట్టాయి: రోజుకు ఐదు గంటలకు మించకూడదు, మధ్యలో విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరిట బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. చావుకు రమ్మని బలవంతపెట్టడం అంటారా, ఎస్సీలతో వెట్టి చేయించడం 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. దీన్ని పెదనాన్న మీద బెదిరింపుగా వాడమని చెప్పడం లేదు. ఇష్టం లేకపోతే "రాము" అనే హక్కు వాళ్లకు చట్టంలోనే ఉందని తాతకూ, ఆ తల్లికీ తెలియాలి.

పిల్లవాడు తొమ్మిదో తరగతి అన్నారు. 9 నుంచి 12 తరగతుల విద్యార్థులకు కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి కళా ఉత్సవ్ పోటీలు జరుపుతోంది. జిల్లా, రాష్ట్రం, ఆ పైన జాతీయ స్థాయి. హెడ్మాస్టరుతో మాట్లాడండి. బడి పేరు మీద, యూనిఫాంలో, డప్పు పైకి కనబడేలా పట్టుకుని వెళ్లే అవకాశం అది. గెలిచాడా లేదా అన్నది తర్వాత.

సంస్థ సంగతి చెప్పేముందు నాకు జరిగింది ఒకటి చెబుతాను. ఇరవై ఏళ్ల కిందట నేనూ పల్లె పిల్లలతో నాటకాలు వేయించేదాన్ని. ఒకసారి పన్నెండు మందిని సిటీ ఆడిటోరియానికి తీసుకెళ్లాను. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, లేచి చప్పట్లు కొట్టారు. నాకు గాల్లో తేలినట్టుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక పిల్ల నా పక్కకు జరిగి అడిగింది: "మేడం, వాళ్లంతా ఏడ్చారు కదా, మరి ఒక్కరూ మాతో మాట్లాడలేదేం?" ఆ పిల్లకు ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకని వీడియో మాత్రం వద్దు. తల్లి సంతకం పెట్టినా వద్దు. డబ్బిచ్చేవాళ్లు అడుగుతున్నారంటే ఆ తల్లి ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేస్తుంది. ఆ వీడియో ఈ రోజు స్టేజీ మీద ఆడుతుంది, రేపు వాట్సాప్‌లో ఊరికొస్తుంది. ఆ అమ్మాయి ఎక్కడ చదివినా, ఎక్కడ పనిచేసినా వెంట వస్తుంది.

ప్రదర్శన విషయంలో బేరమాడవచ్చు. మార్చి కుదరదని, ఆగస్టులో అయితే అందరూ ఉంటారని రాయండి. తలపాగాలు వద్దని, పిల్లలు తాము ఎంచుకున్న బట్టల్లో వస్తారని చెప్పండి. చూపించేది మిరపకోతల నాటిక కావాలనండి. రాత్రి చేతుల మంటకు నిద్రపట్టక పిల్లలు మజ్జిగ గిన్నె చుట్టూ చేరి వంతులవారీగా వేళ్లు ముంచుకునే సీనును మీరు వర్ణించారు చూడండి, ఆ సీను వాళ్లు అల్లినదే. అక్కడ ఎవరి తల్లి కష్టమూ పేరుపెట్టి అమ్మడం లేదు. వినేవాళ్లయితే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే డబ్బు పోతుంది. పోతే ఏమవుతుందో లెక్క వేద్దాం. తాతకు ఏడాదికి 36,000. గుగ్గిళ్లకు, పాలకు పిల్లకు పది రూపాయల చొప్పున 19 మందికి రెండు వందల రోజులంటే 38,000. మొత్తం 74,000. బృందం బతకడానికి కావలసింది ఇంతే. మిగతా లక్షా ఆరు వేలు మీరు రాసిన జాబితాలో వ్యాను కిరాయి, మైకు, దుస్తులు, ఫొటోలు, రిపోర్టులు. డెబ్బై నాలుగు వేలు కూడా చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. కానీ హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మీ ఊరి పిల్లలను, కాలనీ నుంచి చదువుకుని వెళ్లినవాళ్లను ముందుగా అడిగి చూడగలిగిన మొత్తమే.

ఇందులోనే ఇంకొకటి. రాష్ట్రంలో డప్పు కళాకారులకు పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు 4,000. తాతకు వస్తోందా? మీరు రాయలేదు. రాకపోతే ఈ వారమే మీ ఊరి సచివాలయానికి తీసుకెళ్లండి.

మిరపకోతలకు వెళ్లే పిల్లల వల్ల హాజరు పడిపోతోందని బాధపడకండి. జూలై నుంచి సంక్రాంతి దాకానే మీ ఏడాది అనుకోండి, కార్యక్రమం మొత్తం అందులో సర్దండి. వలసవెళ్లే కుటుంబాల పిల్లలకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. మీ మండలానికి అడగడానికి మండల విద్యాధికారి (ఎంఈఓ) దగ్గరికి మీరొక్కరే కాకుండా ఆ తల్లులతో కలిసి వెళ్లండి.

పదహారేళ్ల అమ్మాయి విషయంలో నేను దారులు చూపించను. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం నేరం. ఇప్పుడు సంబంధాలు చూడటం వరకే ఉంది కాబట్టి మాట్లాడే సమయం ఉంది. పదో తరగతి పాసయింది కాబట్టి ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయంలో సీటు కోసం ప్రయత్నించండి. హాస్టల్లో తిండి, చదువు రెండూ దొరుకుతాయని తెలిస్తే చాలా ఇళ్లలో పెళ్లి మాట వెనక్కి పోతుంది. ముహూర్తం పెట్టుకున్నారని తెలిసిన రోజు మాత్రం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఫోన్ చేసింది మీరేనని కాలనీలో తెలిసిపోవచ్చు, కొన్నాళ్లు పిల్లల్ని పంపకపోవచ్చు. అయినా చేయండి.

మానేయాలా అని అడిగారు. మీ అమ్మగారి ఆరోగ్యం, మీ పెళ్లి గురించి ఇంట్లో అంటున్న మాటలు, మీ చేతిలో స్థిరమైన జీతం లేకపోవడం, ఇవన్నీ నిజమైన కారణాలే. వాటి కోసం మానేస్తే మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టకూడదు. కానీ ఆ తల్లి ప్రశ్నకు జవాబు లేదని మాత్రం మానేయకండి. ఆవిడ మిమ్మల్ని మానేయమనలేదు, ఉత్తరం మళ్లీ చదివి చూడండి. దించుతున్నావా అని అడిగింది. వద్దని గట్టిగా అనాలనుకుంటే కొడుకును ఇంట్లో కూర్చోబెట్టేది. రెండు నెలలుగా పంపుతూనే ఉంది. ఆ సంచి ఎక్కడిదో కనుక్కోండి. ఇంట్లో ఖాళీ యూరియా సంచి తీసి, కడిగి, ఆరబెట్టి కొడుక్కి ఇచ్చింది ఆవిడే కావచ్చు.

సంక్రాంతి అయిపోతే వాళ్లు కోతలకు వెళ్లిపోతారు. అంతకుముందే ఒకసారి ఆవిడ ఇంటికి వెళ్లి రండి. ఏమందో నాకు రాయండి.